చలువ యంత్రము ఆగిన నాడు

ఎండాకాలము సమీపించగానే మన సహకార సంఘములలో నూలు ధర, రావలసిన బాకీలు, అమ్ముడుపోని నిల్వ సరుకు, ఈ మూడింటిని గూర్చి చర్చ జరుగును. ఇంటి వేడిని గూర్చి చర్చించిన పాలకవర్గ సమావేశము ఒక్కటియు నేను చూడలేదు. కాని చైత్రము మొదలు మృగశిర కార్తె వరకు మన మగ్గములు ఎన్ని గంటలు ఆడినవో, ఎన్ని గంటలు ఆగినవో ఏ సంఘమైనను లెక్క తీసినచో, నూలు ధరకు తీసిపోని నష్టము ఎండ వలన కలుగుచున్నదని తెలియగలదు. నేతగాని కూలి గజముల మీద గాని, చీరెల మీద గాని లెక్క. వేడికి తాళలేక మగ్గము దిగిన గంటకు కూలి ఇచ్చువారెవరును లేరు. కావున ఇల్లు చల్లగా నుండుట మనకు సుఖము కొరకు మాత్రమే గాదు, జీవనము కొరకు.

జింగనూర్ గ్రామము మహారాష్ట్రములో గడ్చిరోలి జిల్లా సిరొంచా తాలూకాలో నున్నది. పరిపాలన మరాఠీలో జరిగినను ఈ తాలూకాలో ఇంట, బజారులో తెలుగు వినబడును. అడవి పల్లెలలో మాడియా గోండు సోదరులున్నారు. సిరొంచా వద్ద ప్రాణహిత వచ్చి గోదావరిలో కలియును. ఆవలి ఒడ్డున తెలంగాణములో కాళేశ్వరము, దానికి కొంత దూరమున దసలిపట్టు నేతకు పేరుపొందిన మహదేవపూర్ ఉన్నవి. నదికి ఈ వైపుననైనను ఆ వైపుననైనను ఎండ ఒక్కటియే. రోహిణి కార్తెలో రోళ్ళు పగులునన్న సామెత ఇక్కడివారికి ఎవరును విడమరచి చెప్పనక్కరలేదు.

ఇటీవలి సంవత్సరములలో ఈ ప్రాంతమునకు కూడ ఏసీ యంత్రములు వచ్చినవి. వర్తకుల ఇండ్లలో, ఉద్యోగుల ఇండ్లలో, సంఘముల అమ్మకపు గదులలో అవి కనబడుచున్నవి. వచ్చుట తప్పు కాదు. కాని యంత్రము వచ్చినదను ధైర్యముతో ఇంటిని కట్టు పద్ధతియే మారిపోవుట తప్పు. కిటికీకి బదులు అద్దము, చూరుకు బదులు ఉత్త గోడ, అటుకకు బదులు నాలుగంగుళముల కాంక్రీటు స్లాబు. యంత్రము నడుచునంత వరకు అది గది. ఆగిన మరుగంటకు అది ఇటుకబట్టీ.

అడవి గుండా వచ్చు కరెంటు లైనుమీద గాలిదుమారములో ఒక కొమ్మ విరిగి పడినను చాలును. లైను బాగుపడినను వోల్టేజి తగ్గి యంత్రము మొరాయించును. గత వేసవిలో మా సంఘపు అమ్మకపు గదిలోని యంత్రము ఆగి, తిరిగి నడచుటకు పదకొండు రోజులు పట్టినది. బాగుచేయు మనిషి వచ్చిన రోజున విడిభాగము లేదు. విడిభాగము వచ్చిన రోజున కరెంటు లేదు. ఆ పదకొండు రోజులు మా గుమాస్తా లెక్కల పుస్తకములు చంక నిడుకొని, వెనుకనున్న పాత పెంకుటి గోదాము వసారాలో కూర్చుండి వ్యాపారము నడిపినాడు. కొనువారు కూడ అక్కడికే వచ్చినారు. ఏ గది ఎందుకు చల్లగా నున్నదో, ఏది ఎందుకు లేదో ఆలోచించుటకు ఇంతకంటె పాఠమేమి కావలెను?

యంత్రము మొదట నూలు కొరకే

మన వృత్తివారు తెలిసికొనదగిన సంగతి ఒకటి గలదు. 1902లో అమెరికాలో విల్లిస్ క్యారియర్ అను ఇంజనీరు నేటి ఏసీకి మూలమైన ఏర్పాటును రూపొందించినది మనుష్యుల సుఖము కొరకు గాదు. బ్రూక్లిన్‌లో ఒక అచ్చుయంత్రశాలలో తేమకు కాగితము సాగి, రంగులు ఒకదానిపై ఒకటి సరిగా పడకపోవుటచే, ఆ తేమను అదుపు చేయుటకు. ‘ఎయిర్ కండిషనింగ్’ అను పేరు పెట్టినవాడు స్టూవర్ట్ క్రామర్, 1906లో. ఆయన నూలు మిల్లుల ఇంజనీరు. గాలి పొడిబారినచో పోగు తెగును. గాలికి తగినంత తేమ పట్టించినచో పోగు నిలుచును. మిల్లులో గాలిని నూలునకు అనుకూలముగా సిద్ధపరచుటకే ఆయన ఆ మాట వాడినాడు.

ఈ సత్యము మన తాతలకు ఇంగ్లీషు పేరు లేకుండనే తెలియును. గుంట మగ్గము నేలలోనికి ఎందుకు దిగినది? నేలలో పగటి వేడి త్వరగా దిగదు, తేమ త్వరగా ఆరదు. కాళ్ళు చల్లగా నుండును, పడుగు మెత్తగా నుండును. వేసవిలో మగ్గపు ఇంట నేలమీద నీళ్ళు చిలుకరించుట మన ఆడవారికి నిత్యకృత్యము. ప్రత్తి నూలు తడిసినపుడు పొడిగా నున్నప్పటి కంటె గట్టిపడును. గాలిలో తేమ నూటికి 65 వంతులున్నపుడు ప్రత్తి తన పొడి బరువులో సుమారు ఎనిమిదిన్నర వంతుల తేమ పట్టియుంచునని లెక్క. మే నెల పొడిగాలిలో ఆ తేమ ఎగిరిపోయి, పోగు పెళుసై, అచ్చు దగ్గర పుటుక్కున తెగును. కావున నేతగానికి చల్లదనము, మగ్గమునకు తేమ, రెండును ఒక్క ఇంటిలోనే కావలెను. ఇది మిల్లు యజమానికి యంత్రము ఇచ్చినది. మనకు ఇల్లే ఇచ్చినది. ఆ ఇంటినే మనము పోగొట్టుకొనుచున్నాము.

వేడి వచ్చు త్రోవలు

ఇంటిలోనికి వేడి ముఖ్యముగా మూడు త్రోవలలో వచ్చును: పైకప్పు నుండి, ఎండ పడు గోడలు కిటికీల నుండి, పగటిపూట లోనికి దూరు వడగాలి నుండి. వీనిలో పెద్దది పైకప్పు.

గూన పెంకు పలుచన. ఎండకు కాగినను ప్రొద్దు గ్రుంకిన కొంతసేపటికే చల్లారును. పెంకుల సందులలో నుండి వేడిగాలి పైకి పోవును. క్రింద అటుక యున్నచో మధ్యనున్న గాలి వేడిని అడ్డగించును. చూరు క్రిందికి వంగి గోడకు గొడుగు పట్టును. మట్టిగోడ మందము గనుక మధ్యాహ్నపు వేడి లోపలికి చేరుసరికి సాయంకాలమగును. అప్పటికి తలుపులు తెరువవచ్చును. కాంక్రీటు స్లాబు అట్లు గాదు. పగలంతయు ఎండను త్రాగి, రాత్రి మనము పండుకొన్న తరువాత దానిని క్రిందికి విడుచును. అర్ధరాత్రి బయట చల్లగా నున్నను లోపల ఉక్కపోత తగ్గకుండుటకు కారణమిదియే. రేకుల షెడ్డు సంగతి చెప్పనే అక్కరలేదు. అది రాత్రి చల్లారును గాని పగలు పని చేయనియ్యదు. మనకు కావలసినది పగలు పని.

స్లాబు ఇల్లు ఉన్నవారు దానిని పడగొట్టుకొననక్కరలేదు. పై భాగమునకు తెల్లసున్నములో జిగురు కలిపి రెండు మూడు పూతలు వేసినచో ఎండలో ఎక్కువ భాగము తిరిగి ఆకాశమునకే పోవును, గదిలో కొన్ని డిగ్రీలు తగ్గును. వర్షమునకు పూత కొట్టుకొని పోవును గనుక ప్రతి సంవత్సరము ఫాల్గుణములో మరల వేయవలెను. ఇది పల్లెటూరి ఊహ గాదు. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించి, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులను ఈ విధముగా మార్చవలెనని లక్ష్యము పెట్టుకొన్నది. ఇంకను స్తోమత గలవారు స్లాబుపైన జానెడు ఎత్తున వెదురు తడికలు పరచి గట్టిగా కట్టినచో ఎండ తడిక మీదనే పడును, నడుమ గాలి ఆడును. పెండ్లికి చలువ పందిరి వేయుట తెలిసిన జాతికి ఇది క్రొత్త విద్య గాదు.

నీరు, నూలుబట్ట

వేసవిలో మన ప్రాంతపు గాలి పొడిగా నుండుట మగ్గమునకు శత్రువైనను ఇంటిని చల్లబరచుటకు మిత్రము. ఒక లీటరు నీరు ఆవిరి కావలెనన్న సుమారు 580 కిలోకేలరీల వేడిని చుట్టుప్రక్కల నుండి లాగుకొనును. ఒక టన్ను ఏసీ యంత్రము గంటకు లాగు వేడి 3,024 కిలోకేలరీలు. అనగా గంటకు ఐదు లీటర్ల నీరు ఆవిరియైనచో ఇంచుమించు అంతటి వేడి నీటిలోనికి పోయినట్లే. కుండలో నీరు చల్లబడుటకు, విదర్భలో ఇంటింట కనబడు కూలరు పనిచేయుటకు ఈ లెక్కయే ఆధారము. అక్బరు పాదుషా కాలములో వట్టివేళ్ళ తడికలతో గదులు కట్టి నీళ్ళు చల్లెడివారని అబుల్ ఫజల్ వ్రాసినాడు. పాదుషాకు వట్టివేళ్ళు, మనకు నూలుబట్ట.

ఇక్కడ మన సరుకు విలువ గమనించవలెను. తలుపునకు, కిటికీకి తడిపి కట్టు తెర ముతక ప్రత్తి నూలుదై యుండవలెను. అది నీటిని పీల్చి, పట్టియుంచి, నెమ్మదిగా గాలికి వదలును. బజారులో అగ్గువకు దొరకు పాలియెస్టరు పోగు నీటిని తనలోనికి తీసికొనదు. ప్రత్తికి ఎనిమిదిన్నర వంతులున్న చోట దానికి అర వంతు కూడ లేదు. చిలుకరించిన నీరు జారి నేలపాలగును. పైగా ఆ బట్ట ఎండ తగులు కిటికీకి వ్రేలాడి రంగు చూపును గాని చల్లదనమీయదు.

అయితే తడితెరకు రెండు నియమములు గలవు. మొదటిది, గాలి వచ్చు వైపున తెర కట్టి, ఎదుటి వైపున కిటికీ తెరచియుంచవలెను. గది మూసి తెర తడిపినచో ఆవిరి లోపలనే నిలిచి ఉక్కపోత హెచ్చును. రెండవది, ఇది మృగశిరకు ముందరి పొడి ఎండకు మాత్రమే. ఆషాఢములో గాలియే తడిగా నుండును గనుక పనికిరాదు. మగ్గపు ఇంటివారికి ఇంకొక హెచ్చరిక. తెర మగ్గమునకు తగులకుండ, రెండు మూడు గజముల ఎడముగా నుండవలెను. గంజి పెట్టిన పడుగునకు తడి తగిలినచో బూజు పట్టును, ఉక్కు అచ్చునకు త్రుప్పు పట్టును.

యంత్రము ఆగిన రోజున

మొదట మీట పడిపోయినదా, స్టెబిలైజరు పనిచేయుచున్నదా, లోపలి జాలి దుమ్ముతో నిండినదా చూడవలెను. ఈ మూడును సరిగానే యున్నచో యంత్రమును కట్టివేసి, తెలిసినవానిని పిలువవలెను. మనము విప్పి చూచుట కూడదు. ఆ మనిషి వచ్చు వరకు ఎదురుచూచుచు మూసిన గదిలో కూర్చుండుట అంతకంటెను కూడదు.

ఉదయము ఎనిమిది గంటల లోపున ఎండ పడు వైపు తలుపులు, కిటికీలు మూయవలెను. కిటికీకి లోపల తెర వేసిన వెలుతురు తగ్గును గాని వేడి అప్పటికే అద్దము దాటి వచ్చియుండును. తడిక గాని, గోనెపట్టా గాని బయటి వైపున కట్టినచో వేడి బయటనే ఆగును. సాయంకాలము బయటి గాలి లోపలి గాలి కంటె చల్లబడిన తరువాత అన్నియు బార్లా తెరువవలెను. వంట ప్రొద్దుననే ముగించవలెను. ఎండ తగ్గిన పిమ్మట బట్టలు ఉతికిన నీటిని స్లాబుమీద చల్లవచ్చును, త్రాగునీటిని వాడనక్కరలేదు.

ఫంకా గాలి అన్ని వేళల మేలు చేయునని భ్రమపడరాదు. గది వేడి 40 డిగ్రీలు దాటినపుడు ఉత్త ఫంకా శరీరమును చల్లబరచుటకు బదులు వేడిచేయునని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించుచున్నది. అప్పుడు తడి తువ్వాలు మెడకు, భుజములకు కప్పుకొని, ఒంటిని తడుపుకొనుచుండవలెను. రాత్రి ఆరుబయట పండుకొనువారు నేలమీద గాక మంచముపై, తప్పక దోమతెరలో పండుకొనవలెను. మన జిల్లాలో మలేరియా సంగతి మరువరాదు. అదే కారణమున కూలరు తొట్టిలో, తెర క్రింది బొక్కెనలో నీరు రోజుల తరబడి నిలువ ఉంచరాదు.

అన్నిటికంటె ముఖ్యము వృద్ధులు, పసిపిల్లలు, గర్భిణులు. ముసలివారికి దాహము తెలియదు. అడుగక పోయినను మజ్జిగయో, అంబలియో, ఉప్పు చక్కెర కలిపిన నీళ్ళో ఇచ్చుచుండవలెను. ఒళ్ళు కాలిపోవుచు మాట తడబడినను, మనుష్యులను పోల్చలేకపోయినను అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒళ్ళంతయు తడిబట్టతో తుడుచుచు, విసరుచు, వెంటనే 108కి కబురు చేయవలెను. స్పృహ లేనివారి నోటిలో నీళ్ళు పోయరాదు. 2015 మే నెల వడగాలికి దేశములో రెండు వేల మందికి పైగా మరణించిరి. అందులో ఎక్కువ మంది ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రముల వారే. వారిలో అనేకులు కూలి జనము, వృద్ధులు.

ఒక ఆక్షేపణ

“పేదవాడు ఎల్లకాలము మట్టి కొంపలలోనే ఉండవలెనా? ఏసీ ధనవంతులకేనా?” అని కొందరడుగుదురు. అడుగవలసిన ప్రశ్నయే. స్లాబు ఇల్లు అగ్గికి అంటుకొనదు, చెదలు తినదు, ఏటేట పెంకులు సర్దు పని లేదు. 2022 జూలైలో గోదావరి, ప్రాణహిత పొంగి సిరొంచా తాలూకా పల్లెలను ముంచిన వరద చూచినవారెవరును మట్టిగోడకు మరలి పొమ్మని సలహా చెప్పజాలరు. నేనును చెప్పుటలేదు. జబ్బుపడినవారికి, ఆసుపత్రులకు, మందుల నిల్వకు యంత్రము ఉండవలసినదే.

నేననునది ఒక్కటి. గట్టి గోడ, గట్టి కప్పు వేరు. చల్లని గోడ, చల్లని కప్పు వేరు. ఈ రెండింటిని కలుపుట కష్టము గాదు. చూరు రెండడుగులు ముందుకు తీయుట, ఎదురెదురుగా కిటికీలు పెట్టుట, పైకప్పుకు తెల్లపూత వేయుట, పడమటి గోడకు పందిరి వేయుట, వీనిలో ఏదియు ఒక ఏసీ ఖరీదుకు చేరదు. ఇల్లు చల్లగా నున్నచో యంత్రము కూడ తక్కువసేపు నడిచి ఎక్కువ కాలము మన్నును. గది యంత్రములు 24 డిగ్రీల వద్ద మొదలు కావలెనని కేంద్ర ప్రభుత్వము 2020 జనవరి నుండి నియమము పెట్టినది పొదుపు కొరకే. యంత్రము ఇంటికి చుట్టమువలె నుండవలెను. చుట్టము లేనినాడు కూడ ఇల్లు గడువవలెను.

సంఘములు చేయవలసినది

పాలకవర్గముల వారి ఆలోచనకు నాలుగు సూచనలు చేయుచున్నాను.

ఒకటి: నేతగాండ్రకు ప్రభుత్వ సహాయముతో పనిషెడ్లు కట్టునపుడు రేకుల కప్పు నమూనాను కండ్లు మూసికొని ఒప్పుకొనరాదు. పెంకుటి కప్పు గాని, రేకుల క్రింద వెదురు తడికల రెండవ కప్పు గాని, వేడిగాలి పోవుటకు పైన సందులు గాని అడుగవలెను. షెడ్డు లోపల పగలు కూర్చుండి పని చేయునది మనము, నమూనా గీసినవారు గారు.

రెండు: ఫాల్గుణములో ఒక ఆదివారము సభ్యులందరు కలిసి ఒకరి ఇంటికొకరు సున్నపు పూత వేయుదురు గాక. సున్నము సంఘము కొనవలెను, చేయి సభ్యులు వేయవలెను. సహకారమను మాటకు ఇంతకంటె మంచి అర్థము లేదు.

మూడు: ముతక నూలుతో ‘చలువ తెర’ అను సరుకు నేయించవలెను. పది, ఇరువది నెంబరు నూలు చాలును. నేసిన తరువాత గంజి పూర్తిగా ఉతికి తీయవలెను. గంజి ఉన్న బట్ట నీరు సరిగా పీల్చదు, పులిసి వాసన వేయును. అడుగున బరువునకు మడత, పైన కొక్కెములకు కాజాలు ఉండవలెను. బడులు, అంగన్‌వాడీలు, చిన్న ఆసుపత్రులు ఈ సరుకునకు మొదటి గిరాకీ కాగలవు. అహమ్మదాబాదు నగరము 2010 నాటి ప్రాణనష్టము తరువాత 2013లో వడగాలి కార్యాచరణ ప్రణాళిక తయారుచేసినది. తరువాత అనేక నగరములు ఆ మార్గమును అనుసరించినవి. ఆ ప్రణాళికలలో తెల్లపూతకు చోటున్నది. మనము అడిగినచో నూలుతెరకు కూడ చోటు దొరకవచ్చును. అడుగకపోయినచో ఆ ఆర్డరు కూడ మిల్లు బట్టకే పోవును.

నాలుగు: మే నెలలో పని వేళలు మార్చి, తెల్లవారుజాము నుండి పది వరకు, మరల సాయంకాలము నాలుగు నుండి చీకటి పడు వరకు మగ్గము ఆడునట్లు నూలు, కండెలు ముందుగా అందించవలెను. అప్పటికిని తగ్గు కూలికి సంఘము కొంత బయానా ఇచ్చి, వర్షాకాలములో సరిపుచ్చుకొనవలెను. ఆకలికి భయపడి నడిమధ్యాహ్నము మగ్గమెక్కు ముసలి నేతగానిని దింపుటకు ఉపన్యాసము చాలదు. చేతిలో నాలుగు రూపాయలుండవలెను.

రాబోవు ఎండాకాలమునకు ముందుగానే ప్రతి సంఘము ఈ విషయమును ఎజెండాలో చేర్చి, తీర్మానించి, ఆ తీర్మానమును ఈ పత్రికకు పంపినచో ఇతర సంఘములకు దారి చూపినట్లగును. సభ్యులు తమ ఇండ్లలో ఏ ఉపాయము ఫలించినదో, ఏది ఫలించలేదో వ్రాయుదురు గాక. కరెంటు వచ్చు వేళ మన చేతిలో లేదు. పైకప్పు, కిటికీ, కుండ, నూలుబట్ట మన చేతిలోనివే.

— ఒక చేనేత సహకార సంఘ కార్యదర్శి, జింగనూర్